బక్క మొలక

అమ్మ ఆకు నలిపి నా చేతికి కాకుండా చెల్లి చేతికి ఇచ్చింది. ఆ ఎండాకాలం నాకు తిన్నది ఒంటబట్టకుండా పోవడానికి అదే మొదలు.

మామూలుగా ఆ పని ఎలా జరిగేదంటే, ట్రేల్లో నారింజ మొలకలకి నాలుగైదు ఆకులు రాగానే అమ్మ షెడ్డులో పొడుగు బల్ల ముందు కూర్చునేది. ఎదురు కుర్చీలో నేను. ఒక్కో మొలకనుంచి ఆకు కొస తుంచి, వేళ్ళ మధ్య నలిపి, ఒకసారి వాసన చూసి నాకిచ్చేది. నేనూ చూసేదాన్ని. ఇద్దరం నిలువుగా తలూపితే ఆ మొలక ఉన్నట్టు, అడ్డంగా ఊపితే పోయినట్టు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళదాకా మా మధ్య ఒక్క మాట దొర్లేది కాదు. నాకు పెళ్ళి కాకముందు నుంచీ ఆ ఎదురు కుర్చీ నాదే. నడుము నొప్పికని నేను కుట్టుకున్న దిండు కూడా దాని మీదే ఉండేది. చెల్లి ఆ దిండు తీసి కిటికీలో పడేసి మరీ కూర్చుంది.

"ఎలా ఉందే?" అని అడిగింది అమ్మ దాన్ని.

నన్ను ఆవిడ ఎన్నడూ ఆ మాట అడిగి ఎరగదు. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

చెల్లి కళ్ళు మూసుకుని, ఏదో గొప్ప సంగీతం వింటున్నట్టు మొహం పెట్టి, "ముందు నిమ్మ తొక్క గీరినట్టుందమ్మా. తర్వాత కాస్త మిరియం ఘాటు. ఆఖర్న మాత్రం వానలో తడిసిన అట్టపెట్టె" అంది.

అమ్మ పగలబడి నవ్వింది. "అట్టపెట్టె ఏంటే, నీ మొహం!"

"నిజం అమ్మా. అచ్చు అట్టపెట్టే."

"సరే, పక్కన పెట్టు."

టీ కప్పులు బల్ల మీద టక్కున పెట్టి వచ్చేశాను. చెల్లి నా వెనక, "థాంక్స్ అక్కా" అంది. ఒళ్ళు మండిపోయింది.

చెల్లి ఆ ఏడు చలికాలం చివర్లో ఇంటికొచ్చింది. అంతకుముందు నగరంలో ఫోన్ ఉద్యోగం చేసేది. బట్టలుతికే మిషను పాడైందని జనం ఫోన్ చేస్తే, అటు మనిషి కంటికి కనపడకపోయినా, ఎర్ర బటన్ కింద చిన్న మూత ఉంటుంది చూడండి, దాన్ని ఎడమకి తిప్పండి, అని విడమరిచి చెప్పడం దాని పని. ఆ కంపెనీ మూతపడింది. ఇది పెట్టెతో, నోటితో మా ఇంట్లో దిగింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. బస్సులో పక్క సీటు ఆవిడ కాపురం సంగతులు కూడా భోజనాల బల్ల దగ్గర మాకు పూసగుచ్చినట్టు చెప్పేది. అమ్మ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వినేది. నేను మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఆవిడకి స్టవ్ మీద ఏదో పెట్టిన సంగతి గుర్తొచ్చేది.

ఇక మా పని గురించి కొంచెం చెప్పాలి. మా నర్సరీకి రెండు వైపులున్నాయి. రోడ్డు వైపు అమ్మకానిది. అది మా ఆయనా నేనూ చూసుకునేవాళ్ళం. లోపలి వైపు అమ్మ షెడ్డు, అక్కడ కొత్త రకాలు పుట్టించడం. నారింజ గింజకి ఒక విచిత్రమైన గుణం ఉంది. మా తల్లి చెట్టు గింజ ఒకటి పాతితే రెండు మూడు మొలకలు లేస్తాయి. వాటిల్లో ఒకటే, అదీ ఉంటే, తండ్రి చెట్టు పుప్పొడి కలిసిన బిడ్డ. మిగతావన్నీ తల్లికి నకళ్ళు. గింజ తన ఒంట్లోంచి తనే మొలిపించుకున్నవి. వాటిల్లో తండ్రి ఊసే ఉండదు. ఆ నకళ్ళు దిట్టంగా, ఒకే ఎత్తులో, చూడముచ్చటగా పెరుగుతాయి. అసలు బిడ్డ వాటి నీడలో బక్కచిక్కి, ఆకులు వంకరపోయి, ఇవాళో రేపో అన్నట్టు ఉంటుంది.

అమ్మకం వైపు మాకు కావాల్సింది నకళ్ళే. అంటు కట్టడానికి అడుగు మొక్కలన్నీ ఒక్కలా ఉండాలి కాబట్టి బక్కవి పీకేస్తాం. అమ్మ షెడ్డులో లెక్క తిరగబడుతుంది. అక్కడ తల్లి నకళ్ళు పీకేసి అసలు బిడ్డని ఉంచాలి. పోనీ బక్కదల్లా అసలుదే అనుకుందామా అంటే అదీ కాదు. నకలు కూడా ఒక్కోసారి బక్కగా వస్తుంది, అసలుది ఒక్కోసారి బలంగా లేస్తుంది. అందుకే ఆకు నలిపి ముక్కుతో తేల్చాలి. మళ్ళీ ఈ మొలకల సంఖ్య గుణం కూడా వారసత్వమే. పిల్లల్లో సుమారు సగం తల్లిలాగే గింజకి రెండు మూడు మొలకలు పెడతాయి, మిగతా సగం తండ్రిలాగే ఒంటి మొలకతో సరిపెట్టుకుంటాయి.

షెడ్డులో పని ఉన్న రోజు మేం సబ్బు వాడం. తలకి నూనె పెట్టం. ఉల్లిపాయ ముట్టం. ఇంట్లో ఎవరు ముట్టినా అమ్మ ఊరుకునేది కాదు.

ఆ ఏడు ట్రేల మీద మా అందరి ప్రాణాలూ ఉన్నాయి. మా తల్లి చెట్టు ఏ నేలలోనైనా బతుకుతుంది, ఏ తెగులుకీ లొంగదు, కానీ పండు కోస్తే తినేది తక్కువ, ఉమ్మేది ఎక్కువ. అన్ని గింజలు. తండ్రి చెట్టు ఒక పాత బడి పెరట్లో ఉండేది. దాని పండులో వెతికితే ఒకటో రెండో గింజలు, రుచి అమృతం. దానికి రోగం తగిలింది. అంటు తెచ్చుకుంటే రోగం కూడా కొమ్మతో పాటు మా ఇంటికొస్తుంది. పుప్పొడితో అయితే ఆ భయం లేదు. అందుకని చెట్టు కొట్టేసేముందు అమ్మ ఆఖరి పూల పుప్పొడి తెచ్చి, చిన్న సీసాలో పోసి, మా ఫ్రిజ్‌లో వెన్న డబ్బా పక్కన దాచింది. ఆ పుప్పొడంతా అంతకుముందు ఏడు మా తల్లి చెట్టు పూసిన పూలకే సరిపోయింది, ఆ పండ్ల గింజలే ఈ మొలకలు. ఆ మొలకల్లో అసలు బిడ్డలు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఆ చెట్టు వంశం అక్కడితో సరి.

అలాంటి ఏడాది నా కుర్చీలో చెల్లిని కూర్చోబెట్టింది. అమ్మ తర్వాత ఆ షెడ్డు నాదే అనుకున్నాను. ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. దాన్ని వదులుకోవడం నావల్ల కాదు.

ఇంకో సంగతి. నేను అచ్చం అమ్మలా ఉంటాను. నడక, గొంతు, చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకునే తీరు, అన్నీ ఆవిడవే. ఫోన్ ఎత్తితే ఖాతాదారులు "అమ్మగారూ" అనే మొదలుపెడతారు. దానికి నేను మురిసిపోయేదాన్ని. చెల్లి మా ఇంట్లో ఎవరి పోలికో ఇప్పటికీ తేలలేదు.

ఒకరోజు నేను కుళాయి దగ్గర ఖాళీ ట్రేలు కడుగుతున్నాను. షెడ్డు గోడ పల్చటి ప్లాస్టిక్ షీటు కదా, లోపలి మాటలన్నీ వినిపిస్తాయి. చెల్లి అడుగుతోంది.

"అమ్మా, ఇది ఎంత బాగుందో చూడు. నవనవలాడుతోంది. దీన్ని పీకాలంటే చెయ్యి రావట్లేదు."

"పీకెయ్. అది తల్లే."

"తల్లే అయితే ఏం? బలంగా ఉందిగా."

"తల్లి ఉండగా తల్లిలాంటిది ఇంకోటి మనకెందుకే?"

నా చేతిలో ట్రే జారి కుళాయి కింద పడింది. ఆవిడ అన్నది మొలకని. నాకు తెలుసు. తెలిసినా గుండెలో గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ నేను గర్వంగా చెప్పుకున్న పోలిక ఆవిడ లెక్కలో పీకి అవతల పారేయాల్సిన సరుకు కాబోలు అనిపించింది. ఆ పూట భోజనం దగ్గర పళ్ళెంలోకి చూస్తూ మెతుకులు కెలికాను.

"ఏంటోయ్, మొహం అంత వేలాడేశావ్?" అన్నారు మా ఆయన సాయంత్రం, అంటు కత్తి నూరుకుంటూ.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మొక్కకి కట్టు అంత బిగించి చంపుతున్నావెందుకు? అది మీ చెల్లెలనుకున్నావా?"

"మీకు అంతా వేళాకోళమే. షెడ్డు తలుపు నాకు మూసేశారు, కనిపించట్లేదా?"

"తలుపు తీసే ఉంది. నువ్వే వెళ్ళట్లేదు."

"పిలవని చోటికి నేను వెళ్ళను."

"అయితే ఇక్కడే ఉండు. నాకు మంచిదే, పనిమంతురాలు దొరికింది." ఆయన కత్తి పదును వేలి గోటి మీద చూసుకున్నారు. "కానీ అత్తయ్య ఈ మధ్య ఏదోలా ఉన్నారు. గమనించావా?"

గమనించాను. అయితే నేను గమనించిన తీరు వేరు. ఆ వారంలోనే చేపల ఎరువు డ్రమ్ము మూత ఎవరో సరిగ్గా పెట్టలేదు. మధ్యాహ్నం ఎండకి అది ఉడికి, నర్సరీ అంతా కంపు కొట్టింది. కొనడానికొచ్చిన వాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి పోయారు. నేను తువ్వాలు మొహానికి చుట్టుకుని మూత వేయడానికి పరిగెత్తితే, అమ్మ ఆ డ్రమ్ము పక్కనే స్టూలు వేసుకుని, టీ తాగుతూ, చెల్లి కబుర్లకి చిరునవ్వులు నవ్వుతోంది. చెల్లి కూడా ఆ కంపుకి మాటల మధ్య కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఉంది, లేవదు. నేను ఆ రోజు ఏమనుకున్నానంటే, ఆ పిల్ల మాటల్లో పడితే ఈవిడకి చేపల కంపు కూడా అత్తరైపోతోందని. కడుపు మండిన మనిషికి ఆలోచన అంతవరకే సాగుతుంది.

ఆ తర్వాత ఒకరోజు చెల్లి తన అద్దె గది ఖాళీ చేయడానికి తెల్లవారుజాము బస్సుకే నగరం వెళ్ళింది. మర్నాడు సాయంత్రానికల్లా వస్తానంది. నాకు పండగే. తెల్లారగానే ఒట్టి నీళ్ళతో స్నానం చేశాను. వంట మా ఆయనకి అప్పగించాను, ఉల్లిపాయ వేయొద్దని చెప్పి మరీ. కిటికీలోంచి నా దిండు తెచ్చి దులిపాను. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని అమ్మ పిలుపు కోసం చూశాను.

అమ్మ నా పక్కనుంచే వెళ్ళింది. ఆవిడ దగ్గర సబ్బు వాసన వచ్చింది. అప్పుడైనా నాకు వెలగాల్సింది. వెలగలేదు. షెడ్డులోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది.

కాసేపు ఆగి తలుపు తట్టాను. "అమ్మా, నేను రానా?"

"అక్కర్లేదు. కాస్తే ఉంది."

"ఎదురు మనిషి లేకుండా ఎలా చేస్తావ్?"

"చేస్తాలే. నీకు అమ్మకం వైపు పనుందిగా."

దిండు చంకలో పెట్టుకుని తలుపు అవతల నిలబడ్డాను. అది ఊళ్ళో లేకపోయినా నేను పనికిరాను. అంతకుముందు నా ఏడుపంతా చెల్లి మీద. ఆ క్షణంలో అమ్మ మీదకి కూడా మళ్ళింది. వంటింట్లోకి వచ్చి కూరగాయలన్నీ ముందేసుకుని, అవసరం లేనివి కూడా తొక్క తీసి పారేశాను.

మర్నాడు సాయంత్రం చెల్లి రెండు అట్టపెట్టెలతో, బస్సు కబుర్లతో దిగింది. ఆ మర్నాడు పొద్దున నేను కత్తిరించిన కొమ్మలు పారేయడానికి పెరట్లో ఎరువు గుంట దగ్గరికి వెళ్ళాను. గుంట అంచున కూరగాయ తొక్కల కిందనుంచి సన్నటి కాడలు బయటికి కనిపించాయి. లాగాను. నారింజ మొలకలు. అన్నీ బక్కవి. చేతికి దొరికినవల్లా ఆకు నలిపి చూశాను. సగానికి పైగా తల్లి వాసన కాదు.

పరుగున షెడ్డులోకి వెళ్ళాను. కొత్తగా ఏరిన ట్రేల్లో మొలకలు సైనికుల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒకటి నలిపాను. తల్లి. ఇంకోటి. తల్లి. వరసంతా తల్లే. ఎవరో అమ్మకం వైపు పద్ధతి ఇక్కడ పెట్టి, బిడ్డల్ని పీకేసి నకళ్ళని ఉంచారు.

నాకు మొదట కలిగింది సంతోషం. ఉన్న మాట చెప్పడానికి సిగ్గెందుకు? పట్టరాని సంతోషం. ఇప్పుడు తెలుస్తుందిలే అమ్మకి, అట్టపెట్టెల వాసన చెప్పేవాళ్ళని నెత్తిన పెట్టుకుంటే ఏమవుతుందో, అనుకున్నాను. ఖాళీ సీసా గుర్తొచ్చి భయపడింది ఆ తర్వాతే.

ముగ్గురూ టిఫిను దగ్గర ఉన్నారు. నేను గుప్పెడు మొలకలు తెచ్చి చెల్లి పళ్ళెం పక్కన పడేశాను.

"ఏంటివి?"

చెల్లి చూసింది. దానికి వెంటనే అర్థమైంది. అమ్మ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"అడిగేది నిన్నే. బక్కవన్నీ గుంటలో ఉన్నాయి, బలిసినవన్నీ ట్రేలో ఉన్నాయి. ఆ చెట్టు ఇక లేదని తెలుసా నీకు? ఆ పుప్పొడి మళ్ళీ పుట్టదని తెలుసా? మీ బావ వైపు పని అనుకున్నావా, అమ్మ షెడ్డు అనుకున్నావా?"

చెల్లి అమ్మ వైపు చూసింది. అమ్మ కప్పులోకి చూస్తోంది.

"నేనే అక్కా," అంది చెల్లి. "రాత్రి వచ్చాక కాసేపు కూర్చున్నాను. ప్రయాణం చేసొచ్చానుగా, తికమక పడ్డాను. నాదే పొరపాటు."

"పొరపాటా! నోరు నడిచినంత వేగంగా బుర్ర కూడా నడిస్తే..."

"ఇక చాల్లే," అన్నారు మా ఆయన మెల్లగా.

"ఎందుకు చాలు? అమ్మా, నువ్వేం అనవేం?"

అమ్మ లేచి కప్పు కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. తన ఏళ్ళ కష్టం ఎరువు గుంటలో పడితే ఆవిడ ఆ పిల్లని ఒక్క మాటన్లేదు. అదే నేనైతే? నా తాట తీసేది.

ఏవైనా బతికి ఉంటాయేమోనని మళ్ళీ గుంట దగ్గరికి వెళ్ళాను. తొక్కలు పక్కకి తోస్తున్నాను. బీరకాయవి, క్యారెట్‌వి, దోసకాయవి. ఇన్ని తొక్కలు ఎవరు పోశారా అనుకుంటుండగా నా చెయ్యి ఆగిపోయింది. నేనే పోశాను. చెల్లి ఊళ్ళో లేని రోజున, కోపంతో ఇంట్లో కూరగాయలన్నిటికీ తొక్క తీసి, చీకటి పడ్డాక తెచ్చి ఇక్కడ కుమ్మరించింది నేనే. మొలకలు వాటి కింద ఉన్నాయి. చెల్లి బస్సు దిగడానికి ముందే అవి ఇక్కడికొచ్చి పడ్డాయి. షెడ్డులో ఆ రోజు గడియ పెట్టుకుని ఉన్నది ఒక్క మనిషే.

గుంట గట్టు మీద కూర్చున్నాను. అమ్మకి బిడ్డేదో నకలేదో తెలియకపోవడం ఏంటి? నిద్రలో లేపి ఆకు చూపించినా చెప్పే మనిషి. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చి మళ్ళీ మండింది. అమ్మ తప్పు చేస్తే ఆ నింద మోసే హక్కు కూడా చెల్లికే దక్కింది. కుర్చీ దానిది, నవ్వులు దానివి, చివరికి తిట్లు కూడా దానివే. ఆ ఇంట్లో నాకంటూ ఏం మిగిలింది?

చెల్లి నీళ్ళ తొట్టి దగ్గర గిన్నెలు తోముతోంది. పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"అవి నువ్వు పీకలేదు."

"నేనే అన్నానుగా."

"నా తొక్కల కింద ఉన్నాయి."

దాని చేతులు ఆగాయి. ఒక్కసారి ఇంటి వైపు చూసి, గొంతు తగ్గించింది. దానికి గొంతు తగ్గించడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"అమ్మకి వాసన పోయిందక్కా. చలికాలం ఆ జ్వరం వచ్చింది చూడు, దాంతో పోయింది. మళ్ళీ రాలేదు. ఏదీ తెలీదు. కాఫీ కూడా."

చేపల డ్రమ్ము పక్కన స్టూలు, సబ్బు స్నానం, ఒక్కొక్కటీ వచ్చి సరైన చోట కూర్చున్నాయి.

"నీకెప్పుడు చెప్పింది?"

"వచ్చిన వారానికే."

అంటే ఇన్నాళ్ళూ. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, పక్కింటి పిల్లి ఈనితే పది ఇళ్ళకి చెప్పే మనిషి, ఇంత పెద్ద సంగతి మొలకలు పుట్టక ముందు నుంచీ కడుపులో పెట్టుకుని తిరిగింది. అమ్మ దానికి చెప్పింది. నాకు చెప్పలేదు. కుర్చీ పోయిన బాధ దీని ముందు ఎంత!

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నువ్వేం మాట్లాడవట. ఊరికే చూస్తావట. ఆ చూపు తట్టుకోలేనంది." చెల్లి తడి చేత్తో మొహం మీది జుట్టు వెనక్కి తోసుకుంది. "కోప్పడకు అక్కా. మీరిద్దరూ వాసన చూసి తలలూపుకుంటారు. ఇప్పుడు ఆవిడకి ఎదుటి మనిషి నోటితో చెప్పాలి, లేకపోతే ఏమీ అందదు. ఆవిడ తల ఊపాలంటే ముందు నేను వాగాలి. ఫోన్‌లో మిషను బాగుచేయించినట్టే. నువ్వయితే ఆవిడ ఎదురుగా కూర్చుని తలూపుతావ్. ఆవిడ ఏం చూసి ఊపుతుంది?"

"మరి ఆ రోజు ఒక్కతే ఎందుకు చేసింది?"

"ఎందుకేంటి? ఇన్నాళ్ళ అనుభవం ఉంది, చూపుతో తేల్చేస్తాననుకుంది. నిన్ను పిలిస్తే బయటపడుతుందని భయం."

అది అన్నట్టే, ఊరికే చూశాను.

తర్వాత ఇద్దరం గుంట దగ్గర కూర్చున్నాం. నా తొక్కల తడికి కొన్ని కాడలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. చెల్లి బేసిన్లో నీళ్ళు తెచ్చింది. ఒక్కో మొలకనీ తీసి, మట్టి కడిగి, ఆకు నలిపి చూడాలి. చెల్లి రెండు మూడు చూసి తల పట్టుకుంది.

"వాడిపోయాక అన్నీ ఒకేలా ఉన్నాయక్కా. ఎండుగడ్డి, ఎండుగడ్డి. ఇంకేం దొరకట్లేదు."

"ఇటివ్వు."

నాకు దొరుకుతున్నాయి. వాడినా దొరుకుతున్నాయి. తల్లిది అయితే అవతలికి, కానిది బేసిన్లోకి. నా వేళ్ళు నన్నడక్కుండానే నడిచాయి. చెల్లి నోరు మూసుకుని నీళ్ళు మార్చింది. దాని మొహంలోకి చూడకపోయినా, చూస్తోందని తెలుస్తోంది. ఒప్పుకుంటాను, ఆ ఎండాకాలం మొత్తంలో నాకు హాయిగా గడిచింది ఆ కాసేపే.

అమ్మ ఎప్పుడొచ్చిందో గమనించలేదు. వెనక బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని ఉంది.

"చెప్పేశావా?" అంది చెల్లితో.

"తనే కనిపెట్టిందమ్మా."

"ఊఁ."

నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను, ఆవిడ వద్దన్న ఆ చూపు చూడకుండా ఉండటానికి. ఆవిడ బేసిన్లో చెయ్యి పెట్టి ఒక మొలక తీసింది. నీళ్ళకి కాస్త తేరుకుంది అది. ఆకు తుంచి, అలవాటు చొప్పున వేళ్ళ మధ్య నలిపింది. ముక్కు దాకా తీసుకెళ్ళలేదు. చెల్లి చెయ్యి చాచింది. అమ్మ ఆ చేతిని దాటి ఆకు నాకిచ్చింది.

"ఎలా ఉందే?"

చూశాను. బిడ్డే. నిలువుగా తలూపాను.

"తలూపితే నాకు తెలియదే ఇప్పుడు," అంది. గొంతులో కోపం లేదు. "చెప్పు."

నోరు తెరిచాను. నిమ్మ తొక్క, మిరియం, అన్నీ నాలుక మీదకి వచ్చాయి. అవి నావి కావు, చెల్లివి. నేను ఆ వాసనల పేర్లు ఎప్పుడూ పెట్టుకోలేదు. మరి ఇన్నేళ్ళూ దేన్ని చూసి తలూపాను? చెల్లి ఆగలేక, "నేను చెప్పనా..." అంది.

"నువ్వుండు," అంది అమ్మ.

"ఇది నీ చేతుల వాసన కాదమ్మా," అన్నాను.

"నా చేతులకి వాసనేంటి?"

"ఉంటుంది. చిన్నప్పుడు నాకు జడ వేసేదానివిగా, చెవుల పక్కనుంచి వచ్చేది. తల్లి చెట్టు ఆకు వాసన అదే. అది వస్తే పీకేయమంటాను. రాకపోతే ఉంచమంటాను. నాకు వేరే ఏమీ తెలియదు."

అమ్మ తన కుడి చేతిని విప్పి కాసేపు చూసుకుంది. నెమ్మదిగా ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. గట్టిగా పీల్చింది. ఆగింది. మళ్ళీ పీల్చింది. ఆ చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండో చేత్తో మూసింది.

చెల్లి ముందుకి వంగి ఆ రెండు చేతులూ విడదీసి, ఒక అరచేతిలో మొహం పెట్టింది. ఆ తర్వాత రెండో దాంట్లో. లేచి నా వైపు చూసింది. ఆ ఎండాకాలమంతా నేను అద్దంలో చూసుకున్న మొహం అది.

"నాకేం రావట్లేదే. ఎలా ఉంటుందక్కా? ఒక్కసారి చెప్పవూ."

"నాకు చెప్పడం రాదు," అన్నాను.

నిజంగానే రాదు. వచ్చినా దానికి చెప్పేదాన్ని కాదు.